మడిచిన తేదీ

యుద్ధం ముగిసేనాటికి గుడారాల షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: సైన్యం వేలంలో తూకం లెక్కన కొన్న నూట నలభై పాత గుడారాలు, మూడు కుట్టుమిషన్లు, తండ్రి వాడిన ఇత్తడి గజంబద్ద, తాళ్ల పని చూసే పిన్ని, కేసు మీదున్న ఒక బావమరిది. ఎవరినీ నమ్మకపోవడమనే గుణం కూడా ఉండేది గానీ దాన్ని సరుకులో కలపకూడదు. అది పుట్టుకతో వచ్చింది.

ఆ యుద్ధం సముద్రం అవతల ఎక్కడో జరిగింది. ఎందుకు జరిగిందో వెళ్లినవాళ్లకి తెలియదు, పంపినవాళ్లు ఏడాదికో కారణం చెప్పారు. ఊళ్లో సగంమంది కిటికీలకి జెండాలు కట్టారు, సగంమంది యుద్ధం వద్దని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో అరిచారు. షావుకారు జెండాలకి గుడ్డా అమ్మాడు, అట్టలకి కర్రలూ అమ్మాడు. ఏడేళ్లకి ఓడలు తిరిగొచ్చాయి. ఓడిపోయామని అందరూ ఒప్పుకున్నారు. ఎవరు ఓడారన్నదే తేలలేదు.

తగువంతా నది మలుపు దగ్గరున్న ఆఖరి శిబిరం గురించి. పన్నెండో తారీఖున అది చెయ్యి జారింది. పద్నాలుగున ప్రభుత్వం సైన్యాన్ని వెనక్కి పిలిచింది. "సైన్యం శిబిరం వదిలేసి పరుగెత్తింది, అందుకే పిలవాల్సి వచ్చింది" అని మంత్రులు. "మేం పరుగెత్తలేదు. పన్నెండున పైనుంచి మాటొచ్చింది, పద్ధతిగా సర్దుకుని వచ్చాం. ఓడింది కుర్చీల్లో కూర్చున్నవాళ్లు" అని సైన్యం. పేపర్లు రెండుగా చీలి రాసేవి, టీకొట్లో బల్లలు రెండుగా చీలి అరుచుకునేవి. పన్నెండుకి ముందు వెనక్కి రమ్మన్న మాటే లేదన్న ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

బావమరిది మెడకి చుట్టుకున్నది సరిగ్గా ఆ ఒక్క సంగతే. అతను ఆ శిబిరంలో స్టోరు కీపరు. నాలుగో తారీఖునే ఒక ట్రక్కుతో రేవులో కనబడ్డాడు. ఆర్డరు లేకుండా ఎనిమిది రోజుల ముందే వచ్చేశాడంటే పారిపోయినట్టే. నేరం రుజువైతే ఆరేళ్ల జైలు. విచారణ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది.

"నిన్నెవరు పంపార్రా?" అని షావుకారు ఎన్నిసార్లు అడిగినా, "వచ్చాను బావా" అనేవాడు తప్ప ఇంకో మాట లేదు. సైన్యంలోకి పోకముందు రెండేళ్లు ఇదే కొట్లో గుడారాలు మడిచినవాడు. ఇప్పుడు కొట్లోకి అడుగు పెట్టడు. ఇంటి వెనక వరండాలో కూర్చుని పాత దారపు చిక్కులు విప్పుతుంటాడు. నోరు మూసుకున్న మనిషిని చూస్తే షావుకారుకి మూత బిగించిన డబ్బా గుర్తొస్తుంది. లోపల ఏమీ లేకపోతే అంత గట్టిగా బిగించడమెందుకు?

వేలం సరుకు గోదాములో దించిన రోజున షావుకారు అలవాటు ప్రకారం రెండు కుప్పలు వేయించాడు. పెద్ద గుడారాలు నలభై ఒకటి, అవి ఆఫీసర్లవి. చిన్నవి తొంభై తొమ్మిది, సిపాయిలవి. పెద్దవన్నీ సంచుల్లో పెట్టి, మూతి కట్టి, రేవువాళ్ల సీసం ముద్ర వేసి ఉన్నాయి. ఒక సంచి విప్పితే గుడ్డ ఇస్త్రీ చేసినట్టు ఉంది. తాళ్లు విప్పి చుట్టలు చుట్టారు, మేకులు లెక్కకి సరిపోయాయి. చిన్నవి మాత్రం ముద్దలు ముద్దలుగా, బురదతో, అక్కడక్కడ నల్లటి మరకలతో ఉన్నాయి. ఒక్కదానికీ తాడు పూర్తిగా లేదు. మేకు దగ్గరే కత్తితో తెగ్గోశారు.

"పిన్నీ, ఆ తెగిన తాళ్లన్నీ పీకెయ్. కొత్తవి వేసి రోడ్డు కాంట్రాక్టరుకి తోసేద్దాం."

"బిళ్లలో?" అంది పిన్ని. తాడు బిగించడానికి ఒక్కో తాడుకీ చిన్న చెక్క బిళ్ల ఉంటుంది, దాని మీద గుడారం నంబరు కాల్చి ఉంటుంది.

"అవెందుకు, పొయ్యిలో పెట్టుకో."

"నంబరున్న వస్తువు పొయ్యిలో పెట్టను బాబూ. ఎవడో ఒకడు వెతుక్కుంటూ వస్తాడు" అని పిన్ని గుడారానికొక బిళ్ల చొప్పున ఏరి బుట్టలో వేసుకుంది.

మూడో రోజు పొద్దున ఒక కల్నల్ వచ్చాడు. ఈమధ్యే రిటైరయ్యాడు, బూట్లు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు మెరుస్తున్నాయి. యుద్ధం మీద పుస్తకం రాస్తున్నానన్నాడు.

"మీ దగ్గర పద్ధతిగా మడిచిన గుడారాలు ఉన్నాయట. నాక్కావాలి. ఫోటోలు తీయించి పుస్తకంలో వేస్తా. పారిపోయిన సైన్యం గుడారాలు ఇలా మడుస్తుందా అని లోకం చూడాలి."

"సైన్యం సరుకు సైన్యమే అమ్ముకుని, మళ్లీ సైన్యమే కొంటుందాండీ?"

"గుమాస్తాల పని. లోపల ఏముందో చూడకుండా తూకం వేసి పారేశారు." కల్నల్ గోదాము వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటి. సంచుల్లో గుడ్డ చీటీలుంటాయి. అవి తీసేసి ఇవ్వండి. ఫోటోలో అసహ్యంగా ఉంటాయి."

సంచి లోపలి చీటీ ఫోటోలో ఎలా పడుతుందో షావుకారుకి అర్థం కాలేదు. కానీ కొనేవాడి ముందు అర్థం కాలేదనకూడదు. "చూద్దామండీ" అన్నాడు.

లేస్తూ కల్నల్ అన్నాడు, "మీ బావమరిది సంగతి నా చెవిన పడింది. కుర్రాడు మంచివాడు, మనసు చెదిరింది. నేనొక మాట చెబితే క్షమించి వదిలేస్తారు."

మర్నాడు మధ్యాహ్నం మంత్రిగారి ఆఫీసు నుంచి ఇంకొకాయన వచ్చాడు. చంకలో ఫైళ్ల కట్ట దించకుండానే కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని వెంటనే ఆయనకి ఫైళ్లాయన అని పేరు పెట్టేసింది.

"తాళ్లు తెగిన గుడారాలు ఉన్నాయటగా? మాకవి కావాలి. సైన్యం ఎంత పద్ధతిగా వచ్చిందో ప్రజలకి చూపిస్తాం."

"అవి తాళ్లు పీకేశామండీ."

"పీకేశారా!" ఫైళ్లాయన ముఖం పాలిపోయింది. అంతలోనే తేరుకుని, "పోనీ, గుడ్డ ఉంటే చాలు. అన్నట్టు, ఆ పెద్ద గుడారాల సంచుల్లో చీటీలేవో ఉంటాయట. వాటితో మీకేం పని? అవి నాకిచ్చేయండి. మీ బావమరిది కేసు ఒక సంతకంతో పోతుంది" అన్నాడు.

ఆయన వెళ్లాక షావుకారు గజంబద్ద ఒళ్లో పెట్టుకుని లెక్క వేసుకున్నాడు. నిన్నటాయన మడిచినవి కావాలన్నాడు, ఇవాళ్టాయన తెగినవి కావాలన్నాడు. అది వ్యాపారం, ఎవరి రుచి వాళ్లది. కానీ ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు మనుషులు ఒకే వస్తువుని మాయం చెయ్యమంటున్నారంటే ఆ వస్తువు తక్కువది కాదు.

ఆ చీటీలు కుట్టించింది అతనే. పదేళ్ల కిందట గుడారాలు సప్లై చేసినప్పుడు సైన్యంతో ఒక ఒప్పందం పెట్టుకున్నాడు. గుడారం మడిచిన ప్రతిసారీ సంచి లోపలి గుడ్డ చీటీ మీద తేదీ రాయాలి. తేదీ లేకుండా బూజు పట్టిందని వెనక్కి తెస్తే తీసుకోడు. మడిచినవాళ్లు ఎండబెట్టకుండా మడిచి, నెపం గుడ్డ మీదికి తోస్తారని అతని అనుమానం. కొట్లో పనిచేసిన ప్రతివాడికీ ఆ అలవాటు నెత్తికెక్కించాడు: ఊదారంగు పెన్సిలు నాలిక మీద తడిపి, తేదీ వేసి, అప్పుడే మూతి కట్టాలి.

గోదాములోకి వెళ్లి, విప్పిన సంచి తిరగేశాడు. చీటీ మీద ఊదారంగులో మూడో తారీఖు. మూడు అంకె తలమీద బల్లపరుపు గీత. ఆ మూడు ఎవరిదో అతనికి తెలుసు. గుండ్రంగా రాయరా అని రెండేళ్లు తిట్టినా మారని మూడు.

ఇంకో సంచి విప్పబోయి చెయ్యి ఆపుకున్నాడు. రేపు ఎవడైనా 'నువ్వే రాసుకున్నావు' అంటే? "పిన్నీ, ఈ సంచుల మీద ఎవరూ చెయ్యి వేయొద్దు. నేను చెప్పినా సరే" అని తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకున్నాడు.

సాయంత్రం భార్యకి ఇద్దరి మాటలూ చెప్పాడు. ఆవిడ కూరగాయల కత్తి కింద పెట్టి, "ఇంకేం ఆలోచిస్తున్నారండీ? ఇచ్చేయండి. వాడు బయటపడితే చాలు నాకు" అంది.

"క్షమించడమంటే ఏమిటనుకున్నావ్? తప్పు చేశాడని రాసుకుని, పోనీలే అనడం. జీవితాంతం ఆ కాగితం వాడి వెంట తిరుగుతుంది."

"జైలుకంటే కాగితం నయం కదా? మీకు ప్రతిదాంట్లో మోసమే కనిపిస్తుంది. పెళ్లిచూపుల్లో మా నాన్న చెప్పిన నా ఎత్తు కూడా గజంబద్ద పెట్టి చూసుకునేవారేమో."

"చూసుకోలేదు. కళ్లతో కొలిచాను. రెండంగుళాలు ఎక్కువ చెప్పాడు."

ఆవిడ మళ్లీ కత్తి అందుకుంది. షావుకారు చీటీ జేబులో పెట్టుకుని వెనక వరండాలోకి వెళ్లాడు. బావమరిది దారం ఉండ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చీటీ చూడగానే ఉండ జారి మెట్ల మీద దొర్లింది.

"ఎక్కడిది బావా ఇది?"

"నీ నాలిక మీద నుంచి వచ్చింది. మూడో తారీఖున ఎవరు మడవమన్నార్రా?"

అతను చీటీ అందుకుని నోరు విప్పాడు. రెండో తారీఖున తమ కల్నల్ పిలిచి, పైవాళ్లు యుద్ధం ముగించేయాలని నిర్ణయించేశారనీ, బేరం కుదిరేదాకా శిబిరం నిండుగా ఉన్నట్టు కనబడాలనీ చెప్పాడు. ఆఫీసర్ల గుడారాలు మడిచి, ముందు రేవుకి చేర్చమన్నాడు. కాగితం మీద ఏదీ పెట్టొద్దన్నాడు, సిపాయిలు అడిగితే పాతవి మార్చి కొత్తవి తెస్తున్నామనమన్నాడు. "సిపాయిలకి తెలిస్తే ఒక్కడూ నిలబడడు. నోరు జారావంటే నీదే బాధ్యత" అన్నాడు.

"కాగితం మీద పెట్టొద్దంటే మరి ఇదేమిటి?"

"నేను రాద్దామని రాయలేదు బావా. మడిచాక చెయ్యి దానంతటదే పెన్సిలు తీసుకుంది. నలభై ఒక్కటికీ రాసేశానని రేవుకి చేరాక గాని గుర్తు రాలేదు. అప్పటికే ముద్రలు పడ్డాయి."

షావుకారు నుదురు కొట్టుకోబోయి ఆగాడు. తను తిట్టి నేర్పిన అలవాటే. "ఆ కల్నల్ బూట్లు బాగా మెరుస్తాయా?"

"అద్దంలా. ఎందుకు?"

"ఏం లేదు. ఇంత మంచి సాక్ష్యం పెట్టుకుని నోరెందుకు మూసుకున్నావ్? ఆర్డరు మీదే వచ్చానని చెప్పొచ్చుగా?"

"చెబితే, 'మరి నీకు ముందే తెలుసుగా, మిగతావాళ్లకి చెప్పావా' అని అడుగుతారు." బావమరిది మెట్ల మీది ఉండ వైపు చూస్తున్నాడు. "ఎనభై ఎనిమిదో నంబరు గుడారంలో నలుగురం పడుకునేవాళ్లం. ముగ్గురికి చెప్పకుండా వచ్చాను. 'ఎక్కడికిరా' అంటే 'రేవులో సరుకుంది, రేపొస్తా' అన్నాను. వాళ్లేమయ్యారో తెలియదు."

షావుకారు ఇన్నాళ్లూ పట్టుకున్న అనుమానం ఒకటి, తేలింది ఇంకొకటి. పారిపోయాడేమో అనుకున్నాడు. పారిపోలేదు, దాచాడు. ఏది నయమో గజంబద్దకి అందే లెక్క కాదు. లేచి, "రా" అన్నాడు.

ఇద్దరూ గోదాముకి వెళ్లారు. ఏళ్ల తర్వాత బావమరిది ఆ గడప దాటాడు. పిన్ని అతన్ని ఎగాదిగా చూసి, బుట్ట ముందుకి జరిపింది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో బిళ్లా తిప్పి చూశాడు. ఎనభై ఎనిమిది దొరికింది, దానికి తెగిన తాడు జానెడు వేలాడుతోంది.

"తాడు కోశారంటే?" అన్నాడు.

"కొయ్యడానికి చెయ్యి మిగిలిందని" అంది పిన్ని. "ఆ మరకలు చూడు. గుడ్డ మధ్యలోనే ఉన్నాయి, నాలుగు మూలలా పట్టుకున్న ముడతలున్నాయి. మనుషుల్ని మోసుకొచ్చారు వీటిలో. తొంభై తొమ్మిదింటికీ అదే తీరు. దుప్పట్లు వదిలేసి పరుగెత్తినవాడు గుడారం మొయ్యడు నాయనా."

బావమరిది గుడ్డ అంచు మీది నంబరు చూసి ఎనభై ఎనిమిదోది కుప్పలోంచి లాగి, పరిచి, ఆ మరక పక్కన అలాగే కూర్చుండిపోయాడు.

విచారణ ముందురోజు కల్నల్ మనిషి ఒకడు, ఫైళ్లాయన మనిషి ఒకడు గంట తేడాలో వచ్చారు. ఇద్దరికీ షావుకారు ఒకే మాట చెప్పాడు: "సరుకు సిద్ధంగా ఉందండీ. రేపు విచారణ గదిలోనే అప్పజెబుతా."

గది చిన్నది. బల్ల వెనక ముగ్గురు, మధ్యలో అధ్యక్షుడు. కల్నల్ సాక్షుల బెంచీ మీద, ఫైళ్లాయన కిటికీ దగ్గర. షావుకారు రిక్షాలో రెండు మూటలు తెచ్చి నేలమీద పడేశాడు. దుమ్ము లేచి అధ్యక్షుడు తుమ్మాడు.

"ఏమిటయ్యా ఇది?"

"నాకు రాజకీయం తెలియదండీ, యుద్ధం అసలే తెలియదు. గుడ్డ తెలుసు. ఈ సంచి మీది ముద్ర ఎవరిదో ముందు మీరే చూడండి."

అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని వంగాడు. రేవు ముద్ర, అయిదో తారీఖు. సంచి మీద నంబరు ఒకటి.

"విప్పలేదుగా?"

"నేనే కాదు, ఎవరూ విప్పలేదు. అందుకే మిమ్మల్ని విప్పమంటున్నా. నేను విప్పితే నన్ను అనుమానిస్తారు. మీ స్థానంలో ఉంటే నేనూ అనుమానిస్తాను."

గుమాస్తా కత్తితో ముద్ర తెంపాడు. అధ్యక్షుడు చెయ్యి లోపల పెట్టి చీటీ బయటికి లాగాడు. మూడో తారీఖు. బల్లపరుపు తల మూడు.

"ఒకటో నంబరు ఎవరికిచ్చారు?" అని అడిగాడు. గుమాస్తా రిజిస్టరు తిప్పి, బెంచీ వైపు చూసి, పేరు చదవకుండా వేలితో చూపించాడు. కల్నల్ బూటు కదిలింది.

అధ్యక్షుడు ఇంకో కాగితం తీశాడు. "పన్నెండో తారీఖు పొద్దుటిదాకా మీ గుడారంలోనే ఉన్నానని మీ వాంగ్మూలం."

"మడిచిన గుడారంలో పడుకోవడం మా వ్యాపారంలో కూడా కొత్తేనండీ" అన్నాడు షావుకారు. వెనక ఎవరో నవ్వి, దగ్గుగా మార్చారు.

ఫైళ్లాయన ఉషారుగా ముందుకొచ్చాడు. "అంటే సైన్యమే ముందు..."

"మీరాగండి" అన్నాడు అధ్యక్షుడు. "నిర్ణయమేదీ జరగలేదని మంత్రిగారు సభలో చెప్పింది పదో తారీఖున. మరి మూడున వీళ్లకెవరు చెప్పారు?" ఫైళ్లాయన ఉషారు దిగిపోయింది. మళ్లీ కిటికీ దగ్గరికి చేరి బయటికి చూడటం మొదలెట్టాడు.

షావుకారు రెండో మూట విప్పబోతుంటే బావమరిది లేచాడు. "అది నేను విప్పుతాను బావా." బురదా మరకా ఉన్న గుడ్డ నేలమీద పరిచాడు. "మడవమన్నారు, మడిచాను. ఆర్డరు మీదే వచ్చాను. సిపాయిలకి చెప్పొద్దన్నారు, చెప్పలేదు. తొమ్మిది రోజులు వాళ్లు ఖాళీ శిబిరానికి కాపలా కాశారు. ఆ తర్వాత దెబ్బ తిన్నవాళ్లని ఇదిగో వీటిలో మోసుకుని వచ్చారు. వాళ్లు ఓడారో గెలిచారో నాకు తెలియదు. చెప్పకపోవడానికి మాత్రం నా మీద కేసు లేదు. అది పెట్టండి."

ఆ ముగ్గురూ చట్టం పుస్తకం తిరగేశారు. చెప్పకపోవడానికి చట్టంలో సెక్షను లేదు.

నాలుగు రోజులకి కాగితం వచ్చింది. ఆధారాలు చాలనందున అభియోగం ఉపసంహరించబడింది. మూడో తారీఖు గురించి ఒక్క ముక్క లేదు. దాని వెనకే ప్రభుత్వం ట్రక్కు వచ్చి నూట నలభై గుడారాలూ ఎక్కించుకుపోయింది, నలభై ఒక్క చీటీలతో సహా. రసీదు మీద 'పాత గుడ్డ' అని రాశారు. విచారణ అయిన మర్నాడే షావుకారు మిగతా సంచులు విప్పించి ఒక్కో చీటీనీ ఫోటో తీయించి ఉంచాడు గానీ ఏ పేపరూ వేసుకోలేదు. ఒక పేపరుకి సగం నచ్చలేదు, ఇంకో పేపరుకి మిగతా సగం నచ్చలేదు.

పిన్ని బుట్ట మాత్రం ఎవరూ అడగలేదు. బావమరిది పొద్దున్నే వచ్చి, దాన్ని కొట్టు గుమ్మంలో పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టాడు. సంగతి ఎలా పాకిందో, ఒకరొకరే వచ్చేవారు. ఒక తల్లి, ఒక అన్న, చెయ్యి లేని ఒక సిపాయి. నంబరు చెబితే బిళ్ల వెతికి ఇచ్చేవాడు. ఆ గుడారంలో ఎవరెవరు పడుకునేవారో, ఎవరు గురక పెట్టేవారో చెప్పేవాడు.

మూడో వారంలో చంకకర్రతో ఒకతను వచ్చి బుట్ట ముందు ఆగాడు. నంబరు చెప్పలేదు. బావమరిది నిలబడ్డాడు.

"రేపొస్తానన్నావు" అన్నాడు వచ్చినతను.

"అన్నాను."

"నీకు తెలుసు కదరా."

"తెలుసు."

"మిగతా ఇద్దరూ రాలేదు. నన్ను మోసుకొచ్చింది వాళ్లే. పడవ దాకా తెచ్చి, ఇంకొకణ్ణి తెస్తామని వెనక్కెళ్లారు."

బావమరిది జేబులోంచి ఎనభై ఎనిమిదో బిళ్ల తీసి ఇచ్చాడు. అతను తీసుకుని, తెగిన తాడు వేలికి చుట్టుకుని, వెళ్లిపోయాడు. వీధి చివర ఒకసారి ఆగాడు గానీ వెనక్కి చూడలేదు. మర్నాడు మళ్లీ వచ్చాడు. గుమ్మం అవతలి అంచున కూర్చున్నాడు. పిన్ని రెండు గ్లాసుల టీ మధ్యలో పెట్టింది.

షావుకారు లోపల గల్లాపెట్టె దగ్గర కూర్చుని మనసులోనే లెక్క కట్టుకున్నాడు. పోయినవి: నూట నలభై గుడారాలు, పద్ధతిగా మడిచినవీ, తాళ్లు తెగినవీ. ఆ రెంటిలో ఏది అసలు ఓటమో తేల్చడం అతని పని కాదు, తేల్చాల్సినవాళ్లు తేల్చరు. మిగిలినవి: మూడు కుట్టుమిషన్లు, గజంబద్ద, పిన్ని, ఎవరికీ అక్కర్లేని ఫోటోలు నలభై ఒకటి, బుట్టలో ఇంకా ఎవరూ అడగని బిళ్లలు అరవై నాలుగు. కొత్తగా వచ్చింది, కొట్టు గుమ్మంలో ఎడంగా కూర్చున్న ఇద్దరు మనుషులు. వాళ్ల మధ్య ఎడం ఎంతుందో కళ్లతోనే కొలిచాడు. నిన్నటికంటే జానెడు తక్కువ.